హిల్లె విడిచిన చెప్పు

హిల్లె యోస్టెన్ తన జన్మలో ఆల్చిప్పలు తిని ఎరగదు. అవి తినేవాళ్ళ ఇళ్ళల్లో అంట్లు తోమింది, అంతవరకు నిజమే. ఆమె తిన్నది ఉప్పుచేప, నల్ల రొట్టె, మజ్జిగలో ఉడికించిన జావ. అలాంటి మనిషి కాళ్ళ దగ్గర ఆల్చిప్పలు పోసి, బొమ్మ గీసి, గోడకు తగిలించుకుని, ఇదిగో ఇది ఎలాంటిదో చూడండి అని మా లైడెన్ ఊరి పెద్దమనుషులు ముప్ఫై ఏళ్ళ పాటు తింటూ తాగుతూ ఇకిలించారు. చివరికి ఆ బొమ్మనే సాక్ష్యం పెట్టి ముసలితనంలో ఆమెను వీధిన పడేయబోయారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

హిల్లె నాన్న నేతగాడు. ఆమె చిన్నప్పుడు మగ్గం పక్కన ఆడుకుంటుంటే దారం కండె ఉన్న నాడె ఎగిరొచ్చి ఎడమ కనుబొమను రెండు ముక్కలు చేసింది. గాయం మానింది కానీ కనుబొమ మళ్ళీ కలవలేదు. మహమ్మారి వచ్చిన ఏడు అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. అప్పుడామె బొమ్మలు గీసే పౌలస్ హెన్నిక్ ఇంట్లో పనికి కుదిరింది.

హెన్నిక్ గీసేది దేవుళ్ళనూ యుద్ధాలనూ కాదు. వంటిళ్ళు, ఉయ్యాల ఊపే తల్లులు, లేసు అల్లే పిల్లలు, కునుకు తీసే పనిమనుషులు. చూడటానికి మన ఇంట్లో మనం చూసే బొమ్మలే. కానీ కొనేవాళ్ళకు ఉత్త వంటిల్లు సరిపోదు కదా. భోజనాలయ్యాక అతిథులను బొమ్మ ముందు నిలబెట్టి, ఇందులో దాగిందేమిటో చెప్పండి చూద్దాం అని పొడుపుకథ విప్పించాలి. మూలన చీపురుంటే శుభ్రమైన మనసు. ఆరిన కొవ్వొత్తి ఉంటే రేపో మాపో పోయే ప్రాణం. కుక్క నిద్రపోతుంటే కాపలా లేని ఇల్లు. ఇవన్నీ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉండేవే. బొమ్మలోకి ఎక్కేసరికి మాత్రం వాటికి నాలుకలు మొలిచి, ఉన్నవీ లేనివీ చెప్పడం మొదలుపెడతాయి.

ఒక చలికాలం కాలువలు గడ్డకట్టాయి. మామూలుగా హెన్నిక్ తన భార్యనే ఎదురుగా కూర్చోబెట్టి గీసేవాడు. ఆమె అప్పుడు పురిట్లో ఉంది.

"ఏమే హిల్లె, పని ఆపి ఇలా కూర్చో."

"అంట్లున్నాయండి అయ్యగారూ."

"అంట్లు ఎక్కడికీ పోవు. వెలుగు పోతుంది."

పై అంతస్తులో ఆయన బొమ్మలు గీసే గదిలో పొయ్యి వెలిగించేవారు కాదు. పొగకు రంగులు పాడవుతాయని ఆయన చెప్పేది, ఖర్చని ఆవిడ చెప్పేది. చలికి హిల్లె కాలివేళ్ళు వాచి, ఎర్రబడి, పగిలి ఉన్నాయి. చెప్పులో కాలు పెడితే నిప్పులో పెట్టినట్టుంది. కాసేపు ఓర్చుకుని, ఇక పట్టలేక అడిగింది.

"అయ్యగారూ, కాలు నొప్పిగా ఉంది. ఒక చెప్పు విడవనా?"

హెన్నిక్ ఆమె కాలివంక చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "విడువు. విడిచి అలాగే ఉండు, కదలకు," అన్నాడు. తన చేతికర్రతో ఆ చెప్పును నేల మధ్యకు తోసి, కాస్త వంకరగా తిప్పాడు. తర్వాత కింద నుంచి కాళ్ళ కుంపటి తెప్పించి, దాని చెక్కపెట్టె మీద ఆమె కాలు పెట్టించాడు. లోపల మట్టిమూకుడులో నిప్పులు. ఎంత మంచి మనిషి అనుకుంది పిచ్చిది. వాచిన వేళ్ళకు వెచ్చగా తగిలేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. ఆ మూతపడుతున్న కళ్ళను కూడా ఆయన వదల్లేదు, వాటినీ గీసుకున్నాడు.

కిటికీ దగ్గర పంజరంలో ఒక పాటపిట్ట ఉండేది. దానికి గింజలు వేసేది, నీళ్ళు పోసేది, ఈల వేసి పలకరించేది హిల్లెనే. బొమ్మ సగంలో ఉండగా ఒకరోజు పొద్దున్న అది చలికి బిగుసుకుపోయి ఉంది. హిల్లె దాన్ని రుమాల్లో చుట్టి పెరట్లో మంచు తవ్వి పాతిపెట్టి వచ్చింది. మొహం కడుక్కుని, పంజరం తీసేయబోతే హెన్నిక్ ఆపాడు.

"అక్కడే ఉండనీ. తలుపు కూడా మూయకు, తెరిచే ఉంచు."

ఆ తర్వాత ఆల్చిప్పలు. సారాయంగడి వెనక చెత్తకుప్పలో ఏరుకు రమ్మని ఆమెనే పంపాడు. బుట్టెడు ఏరుకొచ్చి బావి దగ్గర తోమితే వారం దాకా చేతులు కంపు కొట్టాయి. వాటిని కాళ్ళ దగ్గర చల్లమన్నాడు. మళ్ళీ అదే మాట, అలాగే ఉండు, కదలకు.

పూర్తయిన బొమ్మను ఆమె చూడలేదు. ఎండటానికి గోడవైపు తిప్పి పెట్టారు. ఆ తర్వాత ఎవరో కొనుక్కుపోయారు. ఒక్కసారి మాత్రం భయం వేసి అడిగింది. "నా మొహం ఎవరైనా గుర్తుపడతారా అండీ?"

"నీ మొహం ఎవరికి కావాలే," అన్నాడు హెన్నిక్. మనిషి బొమ్మ అమ్ముకుంటూ అన్న మాట అది.

మరుసటి ఏడు హిల్లె యాన్‌ను పెళ్ళి చేసుకుంది. వాడు వంటపొయ్యిల్లో కట్టెలకు బదులు మండించే మట్టిపెళ్ళలు పడవలో తెచ్చి ఊళ్ళో అమ్మేవాడు. పెద్ద గొంతు, పెద్ద చేతులు, ఆమె కనుబొమ మీద వేలితో రాసి "ఇక్కడొక కాలువ తవ్వి వదిలేశారే" అని నవ్వేవాడు. ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ జ్వరాలకు పోయారు. ఒక చలికాలం యాన్ మంచు మీద కాలు జారి పడవకూ గట్టుకూ మధ్య నలిగిపోయాడు. అప్పటి నుంచి హిల్లె బట్టలుతికి బతికింది. గొప్పింటివాళ్ళ తెల్ల కాలర్లకు ఆమె గంజి పెట్టి ఇస్తే విరగ్గొట్టినా విరగవని పేరు. చర్చిలో ఆదివారం తప్పేది కాదు. ఆమె గుమ్మంలోకి మగవాడు వచ్చాడంటే అది మురికి బట్టల మూట మోసుకొచ్చినవాడే.

యాభై దాటాక భుజం పట్టేసింది. తడిబట్ట పిండబోతే వేళ్ళు వంగేవి కావు. ఉంటున్న అటక గదిలో కప్పు కారుతోంది, ఇంటివాడు ఖాళీ చెయ్యమంటున్నాడు. అప్పుడే కాలువ అవతల వితంతువుల లోగిలిలో ఒక ఇల్లు ఖాళీ అయింది. ఎప్పుడో ఒక ధనవంతుడు కట్టించి పోయిన ధర్మం అది. మధ్యలో బావి, చుట్టూ చిన్న చిన్న ఇళ్ళు. చనిపోయే దాకా అద్దె లేదు, పొయ్యిలోకి మట్టిపెళ్ళలు, రొట్టెలోకి వెన్న వాళ్ళే ఇస్తారు. వయసు మళ్ళి ఉండాలి, చర్చి సభ్యురాలై ఉండాలి, పేరుకు మచ్చ ఉండకూడదు. ఇవే షరతులు. హిల్లె తనకు మూడూ ఉన్నాయనుకుంది.

ధర్మకర్తల్లో పెద్ద ఆర్నౌట్ టెన్ బ్రింక్. ఉన్నిబట్టల వ్యాపారి, రాపెన్‌బర్గ్ కాలువ ఒడ్డున పెద్ద ఇల్లు. నల్లబట్టలు, తెల్ల కాలరు, మెల్లగా మాట. హిల్లె ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇదివరకు ఎవరి దగ్గర పనిచేశావు?"

"మొదట బొమ్మలు గీసే పౌలస్ హెన్నిక్ గారింట్లోనండి. పెళ్ళయ్యే దాకా."

టెన్ బ్రింక్ ముందుకు వంగాడు. "తలెత్తు," అన్నాడు. ఆమె ఎత్తింది. ఆయన ఆమె ఎడమ కనుబొమ వంక చూశాడు, పక్కనున్న ఇద్దరు ధర్మకర్తల చెవుల్లో ఏదో చెప్పాడు. ముగ్గురి పెదాలూ ఒకేలా వంకర తిరిగాయి.

"రేపు మా ఇంటికి రా. నీకొకటి చూపించాలి."

మరునాడు వెళితే ఆ ముగ్గురూ ముందుగదిలో పొగాకు పీల్చే గొట్టాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. గోడ మీద ఒక బొమ్మకు పచ్చ పట్టుతెర వేలాడుతోంది. మా ఊళ్ళో మంచి బొమ్మలకు దుమ్ము పడకుండా తెర కడతారు. కొన్నింటికి పిల్లల కళ్ళు పడకుండా కడతారు. టెన్ బ్రింక్ లేచి తెర పక్కకు లాగాడు.

హిల్లెకు మొదట కనిపించింది తన వయసు. ఎంత చిన్నదాన్నో అనుకుంది. చెంపలు నిండుగా, మెడ నున్నగా. తర్వాత పంజరం చూసి చచ్చిపోయిన పిట్టను గుర్తు చేసుకుంది. ఆ తర్వాత తన వెనక నీడలో ఉన్న మనిషిని చూసింది. ఒక ముసలిది. ఒక చెయ్యి చాచి డబ్బు కోసం అరచెయ్యి తెరిచి, రెండో చేతి వేలు పెదాల మీద పెట్టుకుని నవ్వుతోంది. పక్కన కుర్చీ మీద మగవాడి టోపీ, పై అంగీ.

"ఈ ముసలిది ఎవరండి?" అంది హిల్లె. "ఆ గదిలో నేనూ అయ్యగారూ తప్ప ఎవరూ లేరు. ఈ టోపీ ఎవరిది?"

"మేమూ అదే అడుగుతున్నాం," అన్నాడు ధర్మకర్తల్లో ఒకడు. మిగిలిన ఇద్దరూ నవ్వారు.

టెన్ బ్రింక్ పొగ గొట్టం కాడతో ఒక్కొక్కటే చూపించాడు. ఆ పాఠం ఆయనకు నోటికొచ్చు. ఎన్ని విందుల్లో ఎంతమందికి చెప్పి ఉంటాడో. ఆల్చిప్పలు ఒంటికి వేడి పుట్టించేవి, అందుకని కామం. ఖాళీ పంజరం, ఎగిరిపోయిన పిట్ట, పోయిన కన్నెతనం. కాళ్ళ కుంపటి, పావడా కింద రాజుకునే నిప్పు. విడిచిన చెప్పు, విడిచిన సిగ్గు. వెనకున్నది తార్చేది. టోపీ ఇప్పుడే లోపలికెళ్ళిన మగవాడిది.

హిల్లెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఇల్లు కావాలి కదా. ఓపిగ్గా చెప్పుకుంది. వేళ్ళు వాచాయని, చలికి పిట్ట చచ్చిపోయిందని, చిప్పలు చెత్తకుప్పలోవని. చెబుతుంటే తనకే అర్థమవుతోంది, ఎదుటివాళ్ళు తన మాట వినడం లేదు, బొమ్మనూ తననూ మార్చి మార్చి చూస్తూ పోల్చుకుంటున్నారు.

"హెన్నిక్ ఊరికే ఏదీ గీసేవాడు కాదమ్మా," అన్నాడు టెన్ బ్రింక్. "ఆయన బొమ్మలో ప్రతిదానికీ అర్థం ఉంటుంది."

"ఆయన గీసినదానికి ఉందేమోనండి. నేను విడిచిన చెప్పుకు లేదు."

"కోపం వద్దు. మేం దయలేనివాళ్ళం కాదు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధన వస్తోంది. దానికి ముందు చర్చి పెద్దలు మీ ఇంటికి వస్తారు. వయసులో ఉన్నప్పుడు దారి తప్పానని వాళ్ళ దగ్గర ఒప్పుకో. వాళ్ళు క్షమిస్తారు, నువ్వు ప్రభువు బల్ల దగ్గరకు వస్తావు, మేం ఇల్లిస్తాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

చూశారా పెద్దమనిషి తీరు. ముప్ఫై ఏళ్ళుగా ఆ తెర లాగి లాగి చూసినవాడు శీలవంతుడు, ధర్మకర్త. చలికి ఓర్వలేక ఒక్క చెప్పు విడిచినది పాపి. పైగా ఆమెను క్షమించేది ఆయన.

చేపలమ్మే బార్తె హిల్లెకు చిన్నప్పటి నుంచి స్నేహితురాలు. సంగతంతా విని, చేతిలో చేప తల తెగ్గొట్టి పక్కన పడేసి అంది:

"ఒప్పేసుకోవే."

"ఏం ఒప్పుకోనే?"

"వాళ్ళు చెప్పమన్నది చెప్పు. దారి తప్పాను, తెలియక చేశాను, క్షమించండి. నాలుగు మాటలు. అటక మీద నీ మంచం చూశావా, బూజు పట్టింది. ఈ చలికాలం నువ్వు దాని మీద గడపలేవు."

"చెయ్యని దాన్ని చేశానంటానా."

"ఊళ్ళో చేసినవాళ్ళంతా చెయ్యలేదంటున్నారు కదా. నువ్వు తిరగేసి చెప్పు. దేవుడికి లెక్క సరిపోతుంది."

హిల్లెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "మరి యానో?"

"యాన్ పోయి ఎన్నేళ్ళయిందే."

"పోయాడు కాబట్టే చెబుతున్నా. ఉంటే వాడే వెళ్ళి ఆ తెర చింపి వాళ్ళ మెడకు చుట్టేవాడు. ఇప్పుడు నేను ఒప్పుకుంటే, యాన్ పెళ్ళాడింది ఇలాంటిదాన్నా అని రేపు ఊరంతా అనుకుంటుంది. కాదని చెప్పడానికి వాడు లేడు. నేనే ఉన్నాను."

బార్తె కత్తి పక్కన పెట్టింది. ఒక మంచి చేప ఏరి కాగితంలో చుట్టి ఆమె బుట్టలో పడేసింది.

అయినా బార్తె మాట చెవిలో పడింది, పడ్డాక ఊరుకోదు. ఆ వారం హిల్లె ఉతుకుతొట్టి ముందు వంగి, సబ్బునీళ్ళలోకి చూస్తూ ఆ మాట ఒకసారి అని చూసింది. వయసులో ఉన్నప్పుడు దారి తప్పాను. గొంతుకు అడ్డం పడుతుందనుకుంది. పడలేదు. తేలిగ్గా, మెత్తగా, వెన్నలా జారి బయటికొచ్చింది. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే ఎక్కడలేని కోపం వచ్చింది. చేతిలో ఉన్న కాలరును నేలకేసి కొట్టింది. అది టెన్ బ్రింక్‌దే.

చర్చి పెద్దలు వచ్చారు. ఇద్దరు, టోపీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. హిల్లె ఏమీ ఒప్పుకోలేదు. గర్వం కూడా పాపమే తల్లీ అని ఒకాయన నెమ్మదిగా అన్నాడు. "అయితే అది రాసుకోండి. అది నిజంగా ఉంది," అంది హిల్లె. తన చివరి మాట టెన్ బ్రింక్‌కు తానే చెబుతానంది.

వెళ్ళింది శనివారం పొద్దున్న. మా ఊళ్ళో శనివారం ఇల్లు మగవాడిది కాదు. గుమ్మం బయటి రాళ్ళ దగ్గర నుంచి వెనక పెరడు దాకా కడిగి, తోమి, ఇసుక చల్లి, మళ్ళీ కడుగుతారు. కడిగిన నేల మీద బూటు కాలు పెట్టడానికి ఊరి పెద్ద అయినా జంకుతాడు. పనిమనిషి చీపురెత్తి గుడ్లురిమిందంటే ఎంతటివాడైనా గుమ్మంలోనే బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికి నడవాల్సిందే.

హిల్లె వెళ్ళేసరికి టెన్ బ్రింక్ ముందుగదిలో నిలబడి ఉన్నాడు. కాళ్ళకు బూట్లు లేవు. ఒక బూటు గుమ్మం దగ్గర, ఇంకొకటి కాస్త దూరంలో పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. చేతిలో పొగ గొట్టం ఆరిపోయి ఉంది. బల్ల మీద నీలం పువ్వుల పళ్ళెంలో సగం ఒలిచిన నిమ్మకాయ, తొక్క అంచు మీంచి వేలాడుతోంది. కుక్క పొయ్యి పక్కన నిద్రపోతోంది. వీధి తలుపు తెరిచే ఉంది. లోపలి గుమ్మంలో వయసులో ఉన్న పనిపిల్ల బకెట్టుతో నిలబడి ఉంది, చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని, పావడా మోకాలి దాకా ఎత్తి దోపుకుని. హిల్లె తన చెక్కబూట్లు బయట విడిచి ఒక్కడుగు లోపలికి వేసింది.

"ఏమంటావు?" అన్నాడు టెన్ బ్రింక్. "ఒప్పుకుంటావా?"

హిల్లె చెప్పాలని దారంతా కూర్చుకుంటూ వచ్చిన మాట వేరు. ఆయన కాళ్ళు చూసేసరికి అది ఎటో పోయింది.

"అలాగే ఉండండి అయ్యగారూ," అంది. "కదలకండి."

"ఏమిటి?"

"హెన్నిక్ అయ్యగారు బతికుంటే ఇప్పుడు మిమ్మల్ని గీసేవారు. చూడండి. పెళ్ళయిన పెద్దమనిషి. బూట్లు రెండూ విడిచేశాడు, అదీ ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. విడిచిన బూటంటే విడిచిన సిగ్గని మీరే చెప్పారు. నేను ఒక్కటే విడిచాను. మీరు రెండూ."

పనిపిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. టెన్ బ్రింక్ మొహం ఎర్రబడింది. హిల్లె ఆగలేదు. ఆయన పొగ గొట్టం కాడతో చూపించినట్టే వేలితో చూపిస్తూ పోయింది.

"పొగ గొట్టం ఆరిపోయింది. దానర్థం మీకే తెలియాలి. నిమ్మకాయ పైకి పచ్చగా, లోపల పులుపు. అదీ సగంలో వదిలేశారు, ఎందుకంత తొందరో. కుక్క నిద్రపోయింది, ఇంటికి కాపలా లేదు. వీధి తలుపు తెరిచే ఉంది. ఇక ఈ పిల్ల చూడండి, వయసులో ఉంది, పావడా ఎత్తి కట్టుకుంది. దీని వెనక వేలు పెదాల మీద పెట్టుకున్న ఒక ముసలిదాన్ని గీస్తే సరిపోతుంది. నేనున్నాగా, నన్నే గీయించండి. గోడకు తగిలించుకుని పచ్చతెర కడదాం. మీ మనవలు పెద్దయ్యాక వచ్చినవాళ్ళందరికీ తెర లాగి చూపిస్తారు, మా తాత ఇలాంటివాడని."

"నోరు ముయ్యి," అన్నాడు టెన్ బ్రింక్. ఆయన మెల్లగా మాట్లాడటం మరిచిపోయాడు. "నేల తడిగా ఉంది కాబట్టి విప్పాను. శనివారం కాబట్టి విప్పాను. ఈ పిల్ల ఇల్లు కడుగుతోంది. ఈ మాత్రం ఎవరికైనా తెలుస్తుంది."

"తెలుస్తుందండి," అంది హిల్లె. "మీరు చెప్పగానే తెలిసిపోయింది. మీకు నేల తడి. నాకు వేళ్ళు వాపు. మీ మాట మీ నోట్లోంచి వచ్చి పూర్తి కాకముందే నిజమైపోతుంది. నా మాట ముప్ఫై ఏళ్ళు బతికి చూపించినా నిజం కాలేదు. నేను ఏమీ ఒప్పుకోను. మీ ఇల్లు ఎవరికి కావాలంటే వాళ్ళకిచ్చుకోండి."

మెట్ల మీద అలికిడయింది. టెన్ బ్రింక్ భార్య సుసన్నా మెట్ల మధ్యలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. చేత్తో గోడ పట్టుకుని నెమ్మదిగా దిగింది. దిగేటప్పుడు తెలిసింది, కాలు ఈడుస్తోందని.

ఆవిడ బొమ్మ దగ్గరకు వెళ్ళి తెర లాగింది. బొమ్మలోని కాలును దగ్గరగా చూసింది. ఎర్రటి బొటనవేలు, ఉబ్బిన కీళ్ళు. హెన్నిక్ ఎన్ని అబద్ధాలు కలిపినా కంటికి కనిపించింది గీయకుండా ఉండలేడు, అదొక్కటే ఆయనలోని మంచి.

"దీనికి ఏం రాసేదానివి?" అని అడిగింది, వెనక్కి తిరగకుండానే.

"బాతు కొవ్వు అమ్మగారూ. దొరికినప్పుడు."

"నాకూ తగ్గదు." సుసన్నా భర్త వైపు తిరిగింది. "నాకు ప్రతి చలికాలం వేళ్ళు వాస్తాయి. ఈ గదిలోనే కూర్చుంటాను. చెప్పు విడిచి, కుంపటి మీద కాలు పెట్టుకుని. మీ స్నేహితులు వస్తారు, పోతారు, నన్ను పలకరిస్తారు. నా వంక చూసి లోపల ఏమనుకుంటారో ఇన్నాళ్ళూ నాకు తోచలేదు."

టెన్ బ్రింక్ తన బూట్ల కోసం చూశాడు. బూట్లు వేసుకుందామన్నా అవి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి, మధ్యలో తడినేల ఉంది.

ఇంత చేసినా ఆ ఇల్లు హిల్లెకు రాలేదు. మూడు నెలలు కూడా బతకని ఒక మంచిపేరున్న ముసలామెకు ఇచ్చారు. ఆ చలికాలం హిల్లె బార్తె ఇంట్లో, చేపల బుట్టల పక్కన పడుకుంది. ఇల్లు మళ్ళీ ఖాళీ అయ్యాక, వసంతంలో ఒకరోజు సుసన్నా పనిపిల్ల వచ్చి తాళంచెవి ఇచ్చి వెళ్ళింది. ఒప్పుకోలు మాట ఎవరూ ఎత్తలేదు. బొమ్మను మాత్రం తియ్యలేదు, దానికి చాలా పోశారట. సుసన్నా ఆ పచ్చతెర అంచులు నాలుగూ చట్రానికి గట్టిగా కుట్టేసిందని పనిపిల్ల చెప్పింది.

"కుడితే మాత్రం," అంది హిల్లె, "లోపల ఉన్నది నేనేగా." ఆ కోపం ఆమెకు చచ్చేదాకా చల్లారలేదు. చల్లారాల్సిన పని కూడా లేదు.

లోగిలిలో ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఏడాదికొకసారి ధర్మకర్తలు వచ్చి ప్రతి ఇల్లూ తనిఖీ చేస్తారు, శుభ్రంగా ఉంచుకుంటున్నారా లేదా అని. ఆ రోజు ఏ వారమైనా సరే, వాళ్ళు వచ్చే గంటకు హిల్లె తన ఇల్లు కడిగేది. గుమ్మం నుంచి పొయ్యి దాకా నీళ్ళు పారించి, చీపురు చేత్తో పట్టుకుని నిలబడేది. మిగిలిన ఇద్దరూ వాకిట్లోంచే తొంగిచూసి, బాగుంది బాగుంది అని వెళ్ళిపోయేవారు. పెద్ద ధర్మకర్త మాత్రం లోపలికి రాక తప్పదు, అది నియమం. టెన్ బ్రింక్ గుమ్మంలో వంగి, ముక్కుతూ, బూట్లు విప్పేవాడు.

ఆయన తడినేల మీద మేజోళ్ళతో నిలబడగానే హిల్లె మూల నుంచి తన కాళ్ళ కుంపటి తెచ్చి ఆయన ముందు పెట్టేది. లోపల నిప్పులు ఎర్రగా కణకణలాడుతూ ఉండేవి.

"కాళ్ళు చల్లబడతాయి అయ్యగారూ. దీని మీద పెట్టుకోండి."

ఆయన ఒక్కసారి కూడా పెట్టుకోలేదు.